ఏరియల్ మీద ఉప్పుచేపలు

"తీగ మీద ఏమైనా ఆరేసేవేంటే?"

"లేదండీ."

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలివే. మంచం పక్కన రేడియో గరగరమంటుంటే నా వైపు చూసి, నవ్వి, ఆ మాట అడిగారు. ఆ రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలియాలంటే, కాపురానికొచ్చిన కొత్తలో నేను అత్తింటి పరువును కాకులపాలు చేసిన కథ వినాలి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇందులో ఎక్కడైనా నేను తెలివైనదానిలా కనిపిస్తే అది దాని కల్పన.

అప్పట్లో రాజోలు చుట్టుపక్కల రేడియో అంటే కొత్త అల్లుడే. దానికో బల్ల, ఒంటికి కుట్టుపని చేసిన గుడ్డ. మీట తిప్పగానే పలికేది కాదు. లోపల గాజు వాల్వులు వేడెక్కి, దయ కలిగాక గొంతు సవరించుకునేది. దాని కోసం మా ఆయన పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టారు. గాల్లో మాటలు పట్టేది అదేనట, పేరు ఏరియల్. ఇంకో తీగ నేలలో పాతారు.

మా అత్తగారి తమ్ముడు, అంటే మా మామయ్య, మలికిపురంలో బుర్రకథలు చెప్పేవారు. సరిహద్దు కొబ్బరిచెట్టు దగ్గర తగువొచ్చి అక్కాతమ్ముళ్ళకు మాటలు లేవు. అలాంటిది ఒకనాటి సాయంత్రం ఆయన కథ బెజవాడ రేడియోలో వస్తుందని తెలిసింది. పంతం వదలకుండా తమ్ముడి గొంతు వినే దారి ఆవిడకు అదొక్కటే. ఆ రోజు పొద్దున్నుంచీ అన్నం మానేసి బల్ల తుడుస్తూనే ఉన్నారు.

నాకేమో ఉప్పుచేపల దిగులు. చేటలో పెడితే పిల్లి, దండెం మీద వేస్తే కుక్క. తలెత్తి చూద్దును కదా, దేవుడిచ్చిన దండెం. రెండేసి చేపల తోకలు ముడేసి, దోటితో వరసగా ఆ రాగితీగకు తగిలించాను. తీగ బరువుకు వంగి పశువులపాక రేకు మీద వాలింది. అలిసిందేమోలే అనుకున్నాను.

సాయంత్రం మీట తిప్పితే బూరెల మూకుడు చప్పుడే గాని మనిషి మాట లేదు. మా ఆయన బ్యాటరీ తీగలు గీకారు. వాల్వులు ఒక్కొక్కటే పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చారు. పెట్టె వీపు మీద రెండు చరిచారు. చివరికి నేల ఎండిపోయి ఉంటుందని, పాతిన తీగ దగ్గర నీళ్ళు పొయ్యమని నన్ను తరిమారు. ఆ చేపల కిందే నిలబడి బిందెలకు బిందెలు పోశాను. రోగం నెత్తిన ఉంటే మందు అరికాలికి అన్నట్టు. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

ఇంతలో కాకులు దిగాయి. ముడి జారి, తీగా చేపలూ కలిసి పెరట్లో పడ్డాయి. ఆ చప్పుడుకు మా ఆయన బయటికొచ్చారు.

"ఏంటే ఇవి?"

"చేపలండీ."

"అది కనబడుతోంది. ఏరియల్ మీదకెలా ఎక్కేయి?"

"దోటితోనండీ."

ఇక ఆయన నోరు తెరిస్తే నా పని అయిపోతుందని నిచ్చెనెక్కి, ఊడిన కొస పట్టుకుని పైకెత్తాను. ఇంట్లో "తందాన" అంటూ గొంతు ఖంగుమంది.

"కదలకు. కథ అయ్యేదాకా ఆ చెయ్యి దించకు" అన్నారాయన.

చెయ్యి దించితే మామయ్య పోతారు, ఎత్తితే వస్తారు. కింద పిల్లికి పండగ. నా ఒంటి మీది చేపల వాసనకు కాకి ఒకటి భుజం మీద వాలబోయింది. మీలో ఎవరైనా చెయ్యెత్తి ఓ బుర్రకథ మొత్తం నిలబడి చూడండి, అప్పుడు నవ్వుదురు గాని.

కథ అయ్యాక అత్తగారు నిచ్చెన దగ్గరకొచ్చారు. కళ్ళు తడిగా ఉన్నాయి. తిట్లకు సిద్ధపడ్డాను.

"దిగమ్మాయ్. మా తమ్ముడి గొంతు వణికిపోతోంది. వాడికి ఒంట్లో బాలేదు. రేపు పొద్దున్నే మలికిపురం వెళ్ళాలి. పిల్లి వదిలిన చేపలు కడిగి మూట కట్టు, వాడికి ఇష్టం."

మర్నాడు వెళ్ళేసరికి మామయ్య దుక్కలా ఉన్నారు. అరుగు మీద అక్కను చూసి ఆయనే ఏడ్చారు. ఆ చేపలు పులుసు పెట్టించుకుని ఇద్దరూ ఒకే పంక్తిలో తిన్నారు. వణికింది ఆయన గొంతు కాదు, నిచ్చెన మీద నా చెయ్యి. ఆ సంగతి మా ఆయనకూ నాకూ తెలుసు. అత్తగారు పోయేదాకా ఇద్దరం పెదవి విప్పలేదు. రేడియో గరగరమన్నప్పుడల్లా మాత్రం ఆయన నన్ను ఆ ఒక్క ప్రశ్నే అడిగేవారు.

కాబట్టి గోదావరి సాక్షిగా, ఆ రెండు కొబ్బరిచెట్ల సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో రేడియో తీగ మీద చేప కాదు కదా, చేతిగుడ్డ కూడా ఆరెయ్యను.

రాశావా అమ్మడూ? ఏదీ, మొదటినుంచి చదువు. ఆయన మాట వచ్చేచోట కాస్త గొంతు పెంచు.