నూనెలో తెల్ల రేణువులు

కదిరి దగ్గర వేరుశనగ పండించే ఇంటి బిడ్డ చౌడేశ్వరి. అనంతపురంలో పరిశోధన చేస్తూ ఏళ్ల తరబడి ఒకే పని మీద కూర్చుంది. మండే ఎండలో ఫోన్ తెర కనబడదు. ఎలక్ట్రానిక్ కాగితం అనే తెర మాత్రం అచ్చు కాగితంలా కనబడుతుంది. ఆ తెరలో నల్లరంగు కలిపిన నూనె, అందులో విద్యుదావేశమున్న తెల్ల రేణువులు ఉంటాయి. కరెంటు వాటిని పైకి లాగితే తెర తెలుపు, కిందికి లాగితే నలుపు.

చిక్కల్లా ఆ రేణువులు ముద్దకట్టి అడుక్కి చేరడమే. పాలిమర్ పూత వేస్తే ఒకదాన్నొకటి అంటుకోవు. ఆ పూత నిలవడానికి చౌడేశ్వరి పడిన పాట్లు ఆమె జూనియరు, హాస్టల్లో ఒకే గదిలో ఉండే ఆశ్రితకు తెలుసు. చివరికి ఎన్ని రోజులైనా సీసాలో రేణువులు అడుక్కి దిగకుండా నిలిచినప్పుడు ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు.

"అక్కా, బెంగళూరులో నాకు తెలిసిన కంపెనీ ఉండాది. పరీక్ష చేయించుకొస్తా, సీసా ఇయ్యి," అంది ఆశ్రిత.

చౌడేశ్వరి సీసా ఇచ్చింది. పూత వేసే పద్ధతీ చెప్పింది.

ఆశ్రిత హాస్టల్ ఖాళీ చేసింది. ఫోన్ ఎత్తడం మానేసింది. కొన్ని నెలలకు కాలేజీ సదస్సులో, ఆ కంపెనీ తరఫున వేదిక మీద కనబడింది. చేతిలోని చిన్న తెర చూపిస్తూ, "ఈ పూత నేను కనిపెట్టింది," అంది.

చౌడేశ్వరి లేచి నిలబడింది. "అది నేను చేసింది, ఆశ్రితా! నీకు తెల్దా?"

పక్కనే ఉన్న గైడు చంద్రమోహన్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. "కూర్చోమ్మా. ఆ కంపెనీ మన ల్యాబుకు కొత్త మిషన్లు ఇస్తాండాది. గలాటా చేయొద్దు."

"మీకు ముందే తెలుసా సార్?"

ఆయన ఆమె చెయ్యి వదిలి, వేదిక వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

బయట కారు దగ్గర చౌడేశ్వరి ఆశ్రితను ఆపింది. "నా పేరు ఒక్క మాట చెప్పింటే నీకేం పోతాండె?"

"చెప్పింటే కంపెనీలోకి నిన్నే తీసుకుంటాండ్రి అక్కా, నన్ను కాదు." తల కూడా దించుకోకుండా చెప్పి ఆశ్రిత కారెక్కింది.

చౌడేశ్వరి గైడును మార్చుకుంది. జాకబ్ అనే ప్రొఫెసర్ దగ్గర, ఈసారి రంగుల తెర కోసం ఎర్ర రేణువులతో మళ్లీ మొదలుపెట్టింది. ప్రసూన అనే కొత్త విద్యార్థిని పూత వేయడం నేర్పమంటే అంతా చెప్పి, రేణువులను కడిగే పని ఒక్కటి దాచుకుంది. ప్రసూన చేసినవన్నీ ముద్దకట్టాయి.

"నాకే చేతకాలేదేమో అక్కా," అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంటే చౌడేశ్వరి ఆమె పక్కకొచ్చి కూర్చుంది.

"నీ తప్పు కాదు. కడిగేది నేనే చెప్పలే. రా, చూపిస్తా."

చూపించింది. తన సీసాను మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.