పోగు కనిపిస్తే లాగే చెయ్యి

టైలరమ్మ కంట పోగు పడితే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళి లాగేస్తుంది. బస్సులో ముందు సీటు పెద్దమనిషి కాలరుకు పోగు వేలాడినా సరే, లాగేసి, ఆయన వెనక్కి తిరిగితే కిటికీలోంచి బయటికి చూస్తుంది. పాతికేళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

ఉండేది ఒక్క గది. మిషను, మంచం, స్టవ్వు అన్నీ అందులోనే. భర్త పోయాక ఆ గదంటేనే ఆమెకు భయం పట్టుకుంది. మిషను ఆగితే ఆ నిశ్శబ్దం భరించలేక, కుట్టడానికి గుడ్డ లేకపోయినా ఊరికే తొక్కేది. అది చూసి ఆడపడుచు, "ఇలా అయితే పిచ్చెక్కుతుంది వదినా, ఏ కుక్కనో పిల్లినో పెంచుకో" అని జంతువుల కొట్టుకు లాక్కెళ్ళింది.

కొట్టతను మాటకారి. "ఇంట్లో ఎంతసేపుంటారమ్మా?" అన్నాడు.

"రోజంతా ఇంట్లోనేనయ్యా."

"బయట తిప్పే ఓపికుందా?"

"మోకాళ్ళు సహకరించవు."

"అయితే కుక్క వద్దు. చిలకైతే వాగి వాగి చంపుతుంది. మీకు పిల్లే సరి" అని తేల్చేశాడు. ఇంట్లో కూర్చుని ఏం పని చేస్తారని మాత్రం అడగలేదు. చెప్పాలని ఈమెకూ తట్టలేదు.

తెచ్చుకున్న పిల్లి ఒకచోట నిలవదు కాబట్టి దానికి బొంగరం అని పేరు పెట్టింది. అది వచ్చాక గదికి ప్రాణం వచ్చింది. మిషను పెడలు మీద పడుకునేది, భుజమెక్కి సవారీ చేసేది, తెగిన దారం ముక్క విసిరితే గాల్లోకి ఎగిరి పట్టుకునేది. "నీ దుంప తెగ! సర్కసులో పుట్టాల్సిన దానివే" అని టైలరమ్మ పడీ పడీ నవ్వేది.

ఒక మధ్యాహ్నం చొక్కాకు గుండీలు కుడుతుంటే ఎవరో కొలతలివ్వడానికి వచ్చారు. ఎప్పటి అలవాటే, దారం ఎక్కించిన సూదిని భుజం దగ్గర బట్టకు గుచ్చుకుని లేచింది. కొలతలు తీస్తున్నంతసేపూ బొంగరం భుజం మీదే ఉంది. వచ్చినావిడ వెళ్ళాక కూర్చుని భుజం తడుముకుంటే సూది లేదు.

నేలంతా వెతికింది, చాప దులిపింది. మంచం కింద బొంగరం నోరు సగం తెరిచి కూర్చుంది. చొంగ కారుతోంది. పెదవి పక్కనుంచి ఎర్రదారం వేలాడుతోంది.

పోగు కనబడగానే చెయ్యి వెళ్ళిపోయింది. లాగింది.

పిల్లి పెట్టిన కేకకు టైలరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. దారం వదిలేసింది. ఆ దారం రెండో కొసన ఏముందో అప్పుడు తెలిసొచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటమూ పిల్లిదే, ప్రాణసంకటమూ పిల్లిదే.

కుడుతున్న చొక్కాలోనే దాన్ని చుట్టి, ఆడపడుచుకు ఫోను చేసి, ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. డాక్టరమ్మ పిల్లి నోట్లోకి టార్చి వేస్తూ, "దారం లాగారా?" అంది.

లేదని చెప్పబోయింది. నిజమే చెప్పేసింది. "లాగానమ్మా. ఒక్కసారే."

"లాగకూడదమ్మా. సూది ఇంకా లోతుకు దిగుతుంది" అని పిల్లిని లోపలికి తీసుకెళ్ళింది.

బయట బల్ల మీద టైలరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నేనే చంపుకున్నాను, నా చేత్తో నేనే చంపుకున్నాను అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. పక్కన కూర్చున్నాయన కోటు అంచున పోగు ఒకటి వేలాడుతోంది. టైలరమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

ఆడపడుచు రొప్పుతూ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. "బతికింది" అంది డాక్టరమ్మ. "సూది నాలుక మొదట్లో దిగింది. ఇంకొక్కసారి లాగి ఉంటే నేనేమీ చేయలేకపోయేదాన్ని. ఇంట్లో మీరేం పని చేస్తారు?"

"కుట్టుపనమ్మా."

"విడిగా గది ఉందా?"

"ఒక్కటే గది."

డాక్టరమ్మ పిల్లిని తెచ్చి ఆమెకు అందించింది.

బయటికొచ్చాక టైలరమ్మ మత్తులో ఉన్న పిల్లిని ఆడపడుచు చేతుల్లో పెట్టేసింది. "నువ్వే పెంచుకో."

"అదేంటి వదినా! అదంటే నీకు ప్రాణం కదా. సూదులన్నీ డబ్బాలో పెట్టుకుంటే పోదా?"

"సూదులు డబ్బాలో పెడతాను. ఈ చెయ్యిని ఏ డబ్బాలో పెట్టను?"

తర్వాత ఆడపడుచు ఒక చేపల తొట్టి తెచ్చిచ్చింది. "దీనికి దారంతో పనిలేదు, నీకు దీనితో భయం లేదు" అని నవ్వింది. టైలరమ్మ చేపలకు వేళకు మేత వేస్తుంది. మిషను ఆగితే మాత్రం గదిలో మళ్ళీ అదే నిశ్శబ్దం.

సెలవురోజు వస్తే, పని దగ్గరికి రానివ్వకుండా విడిగా దాచుకున్న బట్టలు కట్టుకుని ఆడపడుచు ఇంటికి వెళ్తుంది. గుమ్మం బయటే నిలబడి భుజాలు, చేతులు, అంచులు తడుముకుంటుంది. దులుపుకుంటుంది. మళ్ళీ తడుముకుంటుంది. లోపల ఆమె అలికిడి గుర్తుపట్టిన బొంగరం తలుపును గీకుతూ అరుస్తుంటుంది.

"ఎంతసేపు వదినా, రా లోపలికి! అది నీకోసం గింజుకుంటోంది."

"వస్తున్నానే, తలుపు తియ్యకు" అంటుంది టైలరమ్మ, భుజం మరొకసారి తడుముకుంటూ. "ఇంకో పోగుందేమో చూసుకోనీ."