చెయ్యి కడిగిన చోట

మా అత్త చేతికి మా వీధిలో పెద్ద పేరుండేది. తమిళదేశం ధర్మపురిలో మేమున్న ఆ వీధిలో ఎవరింట్లో కరివేపాకు మొక్క నాటాలన్నా, బీరగింజ పెట్టాలన్నా ముందు ఆమెను పిలిచేవాళ్ళు. ఆమె వెళ్ళి, కొంగు నడుముకు దోపుకుని, మొక్కను గుంటలో నిలబెట్టి పిడికెడు మన్ను వేసేది. మిగతా చాకిరీ ఇంటివాళ్ళది. తమిళంలో దీన్ని కైరాశి అంటారు. ఆ చెయ్యి పడితే మొక్క బతికి తీరాలన్నమాట. ఆమె బిగువు చూస్తే డాక్టరు కూడా దారి ఇచ్చేవాడు.

కొత్త కోడలిగా ఆ చెయ్యితో నాకు మొదటి పేచీ వచ్చింది పువ్వుల మీద. ఎనభైల మొదట్లో మాట. మా ఆయన ఆఫీసు పని మీద బెంగళూరు పోయి, తిరిగొస్తూ ఒక విత్తనాల పొట్లం తెచ్చాడు. పైన ఎర్రటి పువ్వు బొమ్మ, నలిగిన పట్టుచీరలాంటి రేకులు. పాపీ పూలట. గసగసాల జాతేగానీ గసగసాలు కాదు. చలిదేశాల్లో గోధుమ చేలల్లో దానంతటదే మొలిచే పువ్వట. పెళ్ళయ్యాక ఆయన నాకోసం అడక్కుండా తెచ్చిన మొదటి వస్తువు అది. కాబట్టి పొట్లం నాది, పెరట్లో పూసే పువ్వులు నావి అని అప్పుడే తీర్మానించుకున్నాను.

అత్త పొట్లం విప్పి, కొన్ని గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. మసిలాగా ఉన్నాయి.

"ఏమిరా ఇది, పాయసానికి గూడ చాలదే," అంది కొడుకుతో.

పొట్లం వెనక ఇంగ్లీషులో ఉన్నది నేను చదివి చెప్పాను. చల్లిన చోటే పెరగనివ్వాలి, పీకి మళ్ళీ నాటకూడదు, వేరు కదిలితే బతకదు అని.

"రాసినోడు ఎప్పుడన్నా రాగి నాటినాడా?" అంది అత్త.

ఆమె పుట్టిల్లు పాలక్కోడు పక్క పల్లె. అక్కడ రాగి అంటే మడిలో ఒత్తుగా నారు పోసి, నారు ఎదిగాక పీకి, చేలో వరసల్లో నాటడం. ఆమె లెక్కలో చల్లడం సగం పనే, నాటితేనే సేద్యం. కార్తీక దీపాలు అయిపోయి చలి మొదలయ్యాక, ఒక పొద్దున పెరట్లో మడి చేసి, గింజల్ని చేటలో పోసి, ఇంత బూడిద కలిపి ఆమే చల్లింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. అంతా అయ్యాక బట్టలుతికే బండ దగ్గర చేట దులిపి, చేతులు కడుక్కుని లేచింది. నేను గుమ్మంలో నిలబడి ఉడికిపోయాను.

మొలకలు పచ్చటి నూగులాగా వచ్చాయి. రోజూ మడి పక్కన కూర్చుని చూసేదాన్ని. అంతలో పెదనాన్న కూతురి పెళ్ళికని మొరప్పూర్‌లో మా పుట్టింటికి పోవాల్సి వచ్చింది. "అత్తా, మడి జోలికి మాత్రం పోవద్దు," అని చెప్పి మరీ బస్సెక్కాను. చెప్పకుండా పోయుంటే ఆమె మరిచిపోయేదేమో.

తిరిగొచ్చి చూద్దును గదా, పెరడంతా రాగిచేను! తాడు కట్టి, గీత గీసి, ప్రతి మొలకనూ పీకి వరసగా నాటింది. అన్నీ సొమ్మసిల్లి నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

"అంత ఒత్తుగా ఉంటే ఎట్ల ఎదుగుతాయే? తెల్లారేసరికి లేచి నిలబడ్తాయి చూడు. నా చేత్తో నాటినా," అంది అత్త.

లేవలేదు. ఆమె ఆముదం ఆకులు కప్పింది, చెంబుతో నీళ్ళు చిలకరించింది, చివరికి దిష్టి కూడా తీసింది. మొత్తం ఎండిపోయింది. నేను పోయి గిన్నెలు తోమాను. ఆ చప్పుడు బస్టాండుదాకా వినబడిందని మా ఆయన తరవాత అన్నాడు.

వీధికి సంగతి తెలియడానికి ఆ చప్పుడు చాలు. పక్కింటి తమిళావిడ ఒక మల్లె అంటు తెచ్చిపెట్టుకుని, అత్త చేత నాటించాలని కాచుకుని ఉండేది. ఒక పొద్దున గోడ మీదుగా చూస్తే ఆ అంటును వీధి చివరింటి ముసలావిడ నాటుతోంది. అత్త చూసింది. కొంగు నడుముకు దోపబోయిన చెయ్యి అక్కడే ఆగింది. లోపలికి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం సంకటి ముద్ద ముట్టలేదు.

తరవాత ఎవరో మునగకొమ్మ ఇస్తే నా చేతికిచ్చి, "నువ్వే నాటే. నా చెయ్యి పోయింది," అంది.

మునగకొమ్మను గోడవతల పారేసినా చిగురేస్తుంది. దానికి కూడా ఆమె భయపడింది. పోట్లాటలో నేనే గెలిచాను, నిజమే. కానీ ఆ గెలుపును ఏం చేసుకోను? నాకు నోరున్న అత్త కావాలి.

ఒకరోజు బండ పక్కన కలుపు పీకుతూ అత్త ఒక గుబురు మీద చెయ్యి వేసింది. రాళ్ళ సందులో, అంచులు చీలిన నూగు ఆకులు. మడిలో చచ్చినవాటిని అన్ని రోజులు చూశాను, ఆ ఆకును నేను మరిచిపోతానా? "అత్తా, చెయ్యి తియ్యి!" అని అరిచాను. కోడలు అంత గట్టిగా అరవడం మొదటిసారి కాబట్టి వెంటనే తీసేసింది. ఆమె ఆరోజు చేట దులిపి, చేతులు కడుక్కున్న చోటది. అక్కడ పడ్డ గింజల్ని ఎవరూ పీకలేదు, ఎవరూ నాటలేదు, వాటి మానాన అవి పెరిగాయి.

ఇంక ఆ బండ దగ్గరికి నరమానవుణ్ణి రానివ్వలేదు. బట్టలుతకడం వీధి కొళాయికి మారింది. మా ఆయన కాళ్ళు కడుక్కోవాలంటే ఇల్లు చుట్టి పోవాలి. కోళ్ళను తోలడానికి కట్టె పట్టుకుని, అత్త అక్కడే కూర్చుని ముద్ద తినేది. కొన్నాళ్ళకు మొగ్గలు వచ్చి, వచ్చినవన్నీ తలలు కిందికి వేలాడేశాయి. "అయిపాయె, ఇవీ వాడిపోయినాయి," అని అత్త కూలబడింది. ఆ మొగ్గ తీరే అంతనీ, పూసేముందు తలెత్తుతుందనీ నాకూ తెలియదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని దిగులుపడ్డాం. అత్తాకోడళ్ళం ఒక్క మాట మీద ఉండడం అదే మొదలు.

తెల్లారేసరికి ఒక మొగ్గ తలెత్తి విచ్చుకుంది. అంత ఎరుపు మా పెరట్లో పండుమిరపకు కూడా లేదు. అత్త పక్కింటావిడను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆవిడ నోరు తెరుచుకుని చూసి, "అక్కా, నీ కైరాశి ఎక్కడికి పోతుంది!" అంది తమిళంలో. అత్త ఉబ్బిపోయి, ఆ పువ్వు కోసి ఆవిడ జడలో పెట్టింది. ఆవిడ మా గడప దాటేలోపల రేకులన్నీ రాలిపోయి జడలో కాడ మిగిలింది. ఇద్దరూ గమనించలేదు. నేనూ నోరు విప్పలేదు.

సాయంత్రం ఆవిడ గుమ్మడిగింజలు పట్టుకుని వచ్చింది. "అక్కా, నువ్వొచ్చి పెట్టాలి," అంది.

అత్త లేచి కొంగు నడుముకు దోపుకుంది. "ఏమే, చెంబుతో నీళ్ళు తే," అని నన్ను పిలిచింది. పక్కింటి పెరట్లో గింజల్ని ఆవిడ చేతనే మన్నులో పెట్టించింది. అప్పుడు వాటి మీదికి రెండు చేతులూ చాపి, నన్ను నీళ్ళు పొయ్యమంది. వేళ్ళ సందులు కూడా వదలకుండా నిదానంగా కడుక్కుంది.

"నాటేది ఎవరన్నా నాటుతారు," అంది.

ఆమె ఉన్నన్నాళ్ళూ మా వీధిలో అదే ఆనవాయితీ అయింది. ఎవరింట్లో మొక్క పెట్టినా అత్త వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేది. చెంబు మోసింది నేనే.