పట్టాలు లేని బండి

మొన్న మా అమ్మాయి పాత కారు కొంటానంటే నేనూ వెంటపడి వెళ్లాను. ఎండలో వరసగా నిలబెట్టిన కార్లలో ఒకదాని తలుపు తీసి కూర్చోగానే, వాళ్లు కొట్టిన సెంటు వాసన కిందనుంచి, ఎండకి కాగిన పాత సీటు వాసన, దాంతోపాటు కాస్త పెట్రోలు, కాస్త తుప్పు గుప్పున కొట్టాయి. ఇంకేముంది, నేను ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర మా వీధిలో, రెండు జడలతో నిలబడి ఉన్నాను. అమ్మే కుర్రాడు ఇంజను గురించీ మైలేజీ గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, "అవన్నీ సరే నాయనా, ముందు స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూపించు" అన్నాను. మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. నవ్వదూ మరి? దానికి ఆ కథ తెలీదు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో బోగీలు బాగుచేసే ఫిట్టరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఆ వర్క్‌షాపు పనికే వచ్చి అక్కడే ఉండిపోయాడు. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. పొద్దున సైరను కూసేసరికి ఒక ఇంట్లో చోడి అంబలి వాసన, ఇంకో ఇంట్లో ఉల్లిపాయ తాలింపు వాసన, మా పక్కింటి రైలు గార్డు ఘోష్ కాకు, అంటే బెంగాలీలో బాబాయి, వంటింట్లోంచి ఆవనూనెలో చేప వేగుతున్న ఘాటు, అన్నీ కలిసి వీధంతా పరుచుకునేవి. సైకిళ్ల గంటలు మోగించుకుంటూ మగవాళ్లంతా ఒక్కసారిగా వెళ్లిపోతే, మిగిలిన రోజంతా వీధి ఆడవాళ్లదీ, పిల్లలదీ, మేకలదీ.

మా ఇంట్లోనే చిన్నమ్మా, ఆవిడ మూడేళ్ల కూతురు చిన్నీ ఉండేవాళ్లు. చిన్నాన్న మాత్రం అస్సాం దారిలో లారీ నడుపుతూ ఆరు నెలలకోసారి వచ్చేవాడు. వచ్చాడంటే చాలు, చిన్నీ మంచం కింద దూరి, "లారీ మామ వొచ్చినాడు" అని అరిచేది. ఎంత నేర్పినా 'నాన్న' అనేది కాదు. ఒకసారి వెదురు బొమ్మ తెచ్చి ఒళ్లోకి రమ్మంటే, బొమ్మ లాక్కుని ఒకటే పరుగు. చిన్నాన్న నవ్వేసి, బీడీ వంకన బయటికి వెళ్లి, చాలాసేపు లోపలికి రాలేదు. ఆ పూట పిండి రుబ్బుతూ చిన్నమ్మ మా అమ్మతో అంది: "ఈ పాలి ఎల్తే ఇంక రావొద్దని సెప్పెయ్యప్పా. ఇంతదూరం ఒచ్చి, కన్నబిడ్డ సేత మావా అనిపించుకుని ఎల్లడం దేనికి?"

ఆ మాట గోడవతల ఉన్న నాన్న చెవిన పడింది. తమ్ముడికి ఈ ఊళ్లోనే ఒక పాత కారు కొనిస్తే టాక్సీ తిప్పుకుంటూ ఇంటిపట్టున ఉంటాడని ఆయన పట్టుబట్టాడు. పీఎఫ్ మీద తీసిన అప్పూ, చిన్నాన్న కూడబెట్టిందీ కలిపితే కొత్త కారుకి చక్రాలు కూడా రావు. అందుకని రెండు నెలలు ఊరంతా గాలించాడు. చివరికి రిటైరైన మెయిలు రైలు డ్రైవరు పెరీరా దొర ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన నల్ల కారు అమ్ముతున్నాడని తెలిసింది. అప్పటికి వానలు వెనకపట్టాయి, ఆకాశం నిండా గాలిపటాలు లేచాయి, దుర్గాపూజ పందిళ్లకి వెదుళ్లు దిగుతున్నాయి, తెల్లారితే పారిజాతాలు రాలి వాకిళ్లు తెల్లగా ఉంటున్నాయి. దొర ఓడ ఎక్కేది చిన్నాన్న వచ్చే ముందురోజే. "ఆడొచ్చేదాకా ఆగుదాం, కారు సంగతి ఆడికి తెలుస్తాది" అని అమ్మ అంటే, నాన్నకి రోషం వచ్చింది. "రైళ్లు పంపిత్తన్నోళ్లం. కారు సూడ్లేవేటి?"

చూశారండీ, మామూలుగా చూశారా! ఆదివారం నాడు వీధిలోని మగవాళ్లంతా దొర బంగళా ముందు చేరిపోయారు. నాన్న వర్క్‌షాపు సుత్తి తెచ్చి, పగులుందేమోనని రైలు చక్రాన్ని కొట్టి మోత విన్నట్టు కారు చక్రాన్ని కొడితే, రబ్బరు కదా, సుత్తి ఎగిరి ఆయన మోచేతికే తగిలింది. అయినా వదల్లేదు. ఇనుము కనిపించిన చోటల్లా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. స్ప్రింగుల్లో ఒక్కో రేకూ తడిమాడు. బాయిలర్ షాపు అప్పారావు మావయ్య రేడియేటరు మూత తీసి, "బుల్లి బాయిలరు, బాగుంది" అని తల ఊపాడు. అన్నిటికన్నా ముచ్చట ఘోష్ కాకుది. పచ్చజెండా, ఈల తెచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. దొర నడుపుతుంటే, కాకు జెండా ఊపితే కారు ముందుకి, ఈల వేస్తే వెనక్కి. షంటింగు చేసినట్టు ఆ తిన్నని రోడ్డు మీద పదిసార్లు తిప్పించారు. ఆగిన ప్రతిసారీ నాన్న పరిగెత్తుకెళ్లి ఇరుసు వేడెక్కిందేమోనని చేతి వెనకవైపుతో ముట్టి చూసేవాడు. బ్రేకులయితే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించారు. "మా ఆవిడ పోయాక దీన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు, ప్రాణం నిలబెట్టడానికి గేటు ముందు ఇలాగే ముందుకీ వెనక్కీ కదుపుతాను" అని దొర నిజాయితీగానే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. "ఠీక్ ఆఛే, ఫిట్!" అని కాకు జెండా చుట్టేశాడు. నాన్న డబ్బు లెక్కపెట్టి దొర చేతిలో పెట్టాడు, నడిపే చిన్నాన్న వచ్చేదాకా కారు బంగళా దగ్గరే ఉంచారు.

చిన్నాన్న వచ్చింది విశ్వకర్మ పూజ నాడు. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు మా అందరికీ తెరిచేవారు. కడిగిన యంత్రాలకి బంతిపూల దండలు, నూనెమరకల నేల మీద ముగ్గులు, ఆకుదొన్నెల్లో బూందీ, వేడి కిచిడీ. అదంతా తిని, బొజ్జలు నింపుకుని, అందరం బంగళాకి వెళ్లి కారుకి దండ వేశాం. చిన్నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు, పక్కన నాన్న, వెనక చిన్నమ్మ, ఆవిడ కొంగులో ముఖం దాచుకున్న చిన్నీ, కిటికీ దగ్గర నేను. వెనకాల సైకిళ్ల మీద వీధంతా. తిన్నని రోడ్డు మీద కారు రాజాలా కదిలింది. పూరీ గేట్ మలుపు దగ్గర చిన్నాన్న స్టీరింగు ఎడమకి తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు. చక్రం ఆయన చేతుల్లో రంగులరాట్నంలా తిరుగుతోంది, కారు మాత్రం ఎదురుగా ఉన్న పందిరి వెదుళ్ల మీదికి తిన్నగా పోతోంది.

బ్రేకు పడింది కాబట్టి బతికాం. వెదుళ్లకీ మాకూ మధ్య బెత్తెడు కూడా లేదు. చిన్నాన్న దిగి, కిందకి దూరి చూసి, మట్టి ముఖంతో లేచాడు. "స్టీరింగు పళ్లన్నీ అరిగిపోనాయి. ఓలన్నియ్యా! సక్రాలు సూసినావు, బిరేకులు సూసినావు. ఇది తిప్పి సూడ్లేదేటి?"

నాన్న బిక్కచచ్చిపోయాడు. "రైలుకి తిప్పడవేటుంటదిరా? పట్టా ఎటెల్తే అటెల్తాది."

అప్పారావు మావయ్య ముందు ఫక్కుమన్నాడు, తర్వాత అందరూ, రోడ్డు మీద చతికిలబడి మరీ నవ్వారు. నవ్వనిది చిన్నమ్మ ఒక్కతే. పిల్లని చంకన వేసుకుని నడిచి ఇంటికి వెళ్లిపోయింది. ఉన్న డబ్బంతా కారుకే అయిపోయింది. లారీ ఓనరు ఇచ్చిన గడువు ఆదివారం దాకా. అప్పటికి కారు బాగవకపోతే చిన్నాన్న అస్సాం రైలు ఎక్కాలి.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. పాడైన బోగీ మీద సుద్దతో 'సిక్' అని రాస్తారు. 'ఫిట్' అని పంపిన బోగీ తిరిగొస్తే, పంపినవాళ్లే బాగుచేసి పంపాలి. నెట్టుకుంటూ తెచ్చి మా వాకిట్లో నిలబెట్టిన ఆ కారు తలుపు మీద నాన్న 'సిక్' అని రాశాడు. అంతే! మర్నాడు సాయంత్రం సైరను కూశాక, పిలవకుండానే, ఒక్కొక్కరే సైకిలు దిగారు. "నేనూ ఫిట్టన్నాను కదేటి" అంటూ చొక్కాలు విప్పి కారు కింద దూరారు. హైవే పక్క గ్యారేజీ సర్దార్జీ, చిన్నాన్నతో టీ తాగిన పాటి పరిచయానికే, బోల్తాపడిన కారులోంచి స్టీరింగు పెట్టె విప్పి ఇచ్చాడు. అది మా కారుకి సరిపోకపోతే, ఝపటాపూర్‌లో ఒక లేతు మిషను వాడు మధ్యలో సందు పూడ్చే ఇనప బుష్షులు చేసిపెట్టాడు. ఇప్పుడు చిన్నాన్న గురువు, మా నాన్నతో సహా అందరూ శిష్యులు. "అన్నియ్యా, అలా కాదు" అని తమ్ముడు కసురుతుంటే, ఎవరి మాటా పడని మా నాన్న "సరే బావూ, సరే" అంటూ పానాలు అందించడం నేను కళ్లారా చూశాను. అమ్మ గంపెడు పకోడీలు వేసేది. చిన్నమ్మ మాత్రం ఒక పక్క టీలు అందిస్తూనే, ఇంకో పక్క చిన్నాన్న బట్టలు ఉతికి పెట్టెలో సర్దుతూ ఉండేది.

శనివారం మధ్యాహ్నం మళ్లీ అందరం ఎక్కాం. ఈసారి సైకిళ్లు వెనక కాదు, ముందు వెళ్లాయి, అడ్డం వచ్చే మేకల్ని తోలడానికట. చిన్నీ ముందు సీట్లో చిన్నమ్మ ఒడిలో బిగుసుకుని కూర్చుంది. అదే మలుపు. చిన్నాన్న ఎడమకి తిప్పాడు, కారు ఎడమకి తిరిగింది. ఆ విసురుకి పిల్ల జారి ఆయన మీద పడింది. ఏడుస్తుందనుకున్నాం. అది ఆయన చొక్కా పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వి, "మళ్లీ తిప్పు నాన్నా!" అంది. ఆ సాయంత్రం మేం పూరీ గేట్ మలుపు ఎన్నిసార్లు తిరిగామో, పెట్రోలు అయిపోయేదాకా తిరిగాం. ఇంటికి రాగానే చిన్నమ్మ పెట్టెలో బట్టలు తీసి దండెం మీద వేసింది.

ఆ కారు ఎప్పుడో తుక్కుకి పోయింది. మా క్వార్టరు పడగొట్టేశారట. నాన్న, చిన్నాన్న, ఘోష్ కాకు, అప్పారావు మావయ్య, సర్దార్జీ, ఎవరూ లేరు. ఒక్కరికీ చేతులెత్తి మేం దణ్ణం పెట్టింది లేదు, అంత పెద్ద పని చేశామని వాళ్లూ అనుకోలేదు. ఉండబట్టలేక నిన్న చిన్నీకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. దానికిప్పుడు మనవలు. అంతా విని, "ఊరుకో అప్పా, నువ్వన్నీ కల్పిత్తావు! మా నాన్న లారీ తోలడవేటి? ఆడెప్పుడూ ఇంటికాడే ఉండీవోడు కదా!" అని నన్నే కోప్పడింది.