మా సడ్డకుడి ఇసుర్రాయి

మా సడ్డకుడు పోయాడు. మొన్న మంగళవారం పొద్దున షెడ్డు ముందు కుర్చీలో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. గ్లాసులో చాయ్ కూడా ఒలకలేదని చూసినవాళ్లు చెప్పారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మా ఇంటామె గోడకు ఆనుకుని కూలబడితే, నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో మీ దగ్గర దాచను. నాకంటే మూడేళ్లు చిన్నవాడు, ఇక్కడ కూడా లైను తప్పించి నా ముందుకు దూరిపోయాడు అనుకున్నాను. కళ్లలో నీళ్లు ఆ తర్వాత వచ్చాయి.

సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. ఒకే ఇంటికి ఇద్దరు అల్లుళ్లం. అలాంటివాళ్లలో ఒకడి విస్తట్లో గారె ఎక్కువ పడితే రెండోవాడికి తెలియకుండా ఉండదు. నేను నలభై ఏళ్లుగా బండ్లు నడుపుతున్నవాణ్ణి. మొదట లారీ, తర్వాత సొంత పికప్. అతను నర్సంపేట రోడ్డు మీద రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను, అతను ఐదుతో ఆపాడు. ఈ సంగతి మా అత్తకు ఎన్నిసార్లు గుర్తుచేసినా లాభం లేకపోయింది. "పెద్దల్లుడు మాటలు మంచిగ చెప్తడు, చిన్నల్లుడు పని మంచిగ చేస్తడు" అని పెళ్లిళ్లలో పదిమంది ముందు అనేది. అని, నా వైపు చూసి, ఇంకో గారె వేసేది. ఓదార్పు గారె. దాని రుచి మీకు తెలియదు.

అతనికి ఒక వింత అలవాటు. ఏ పికప్ వచ్చినా ముందు బానెట్ తెరిచేవాడు కాదు. డ్రైవరును నడపమని చెప్పి, తాను వెనక తొట్టిలో సరిగ్గా వెనక చక్రాల మీదికి వచ్చేచోట చతికిలబడి కళ్లు మూసుకునేవాడు. ఆపాలంటే క్యాబిన్ టాపు మీద ఒక దెబ్బ. పోవాలంటే రెండు దెబ్బలు. రోగమేదో ఆ కూర్చోవడంలోనే పట్టేవాడు.

"ముందట కూసున్నోనికి రోడ్డు కనవడ్తది అన్నా. ఎనుక కూసున్నోనికి బండి కనవడ్తది" అనేవాడు.

డీజిల్ మనది, డ్రైవింగ్ మనది, వెనక కూర్చుని కునుకు తీసేవాడికి పేరు అని నేను ఊరంతా చెప్పి నవ్వించేవాణ్ణి. నవ్వినవాళ్లందరూ, బండి జారితే మాత్రం, అతని దగ్గరికే పోయేవాళ్లు.

ఇక నా సంగతి. నాలుగు వానాకాలాల కింద జరిగింది. ఆ ఎండాకాలం మిర్చి బాగా వచ్చింది. ఆశకొద్దీ బస్తా మీద బస్తా వేసేసరికి పికప్ వెనక భాగం కుంగుతోంది. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టను మేము కమాన్ అంటాం. కేసముద్రం పోయినప్పుడు అక్కడ రోడ్డు పక్కన ఒకడితో ఆ కట్టలో ఇంకో పట్టీ ఎక్కించాను. టైర్లలో గాలి కూడా రాయిలాగా కొట్టించాను. సడ్డకుడికి చెప్పలేదు. చెబితే వద్దంటాడు, వద్దన్నాక ఎక్కిస్తే తప్పు నాదవుతుంది.

లోడు మీద బండి రాజులా పోయింది. వానలు పడి, లోడ్లు తగ్గి, ఖాళీగా తిరగడం మొదలైనప్పుడు అసలు కథ మొదలైంది. చిన్న గుంతకే వెనక చక్రాలు మేకపిల్లలా ఎగిరేవి. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక భాగం పక్కకు పోయేది. మా ఇల్లు ఖిలా వరంగల్‌లో. కోట దర్వాజలోంచి రోడ్డు మెలిక తిరిగి లోపలికి వస్తుంది. ఒకరోజు తుంపరలో ఆ మెలిక దగ్గర వెనక భాగం ఊడిపోయినట్టు జారి, రాతిగోడకు రాసుకుని, వెనక లైటు పగిలింది. పక్క సీటులో నా కొడుకు ఉన్నాడు.

"బాపూ, ఇగ చాలు" అన్నాడు. "నీ చేతులు వణుకుతానయ్. కీ ఇటియ్యి."

నా చేతులు వణకలేదు. వాడు ఆ మాట అన్నాక వణికాయి.

తప్పు టైర్లదన్నాను. కొత్తవి రెండు వేయించి, వాటిలోనూ గాలి రాయిలాగానే కొట్టించాను. కొత్త టైర్లు కొత్తగా జారాయి. వాడు కీ తీసి జేబులో వేసుకుని, వచ్చే ఆదివారం బండి కొనేటాయన వస్తున్నాడని చెప్పాడు. ఆదివారం తర్వాత నేను ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఇంటి ముందు కుర్చీ వేసుకుని, పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ "బాగున్నవా" అనడం తప్ప నాకు ఏ పనీ కనబడలేదు.

మా ఇంటామె నాకు చెప్పకుండా సడ్డకుడికి ఫోను చేసింది.

"వాన్నెందుకు పిలిచినవే?" అన్నాను.

"బండి బాగైతేనే నువ్వు ఇంట్ల ఉండవు. గందుకే పిలిచిన" అంది.

అతను స్కూటరు మీద వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద అరచెయ్యి పెట్టి, దవాఖానలో డాక్టరులా మొదలుపెట్టాడు.

"జారుడు లోడ్ మీదనా అన్నా, ఖాళీ మీదనా?"

"ఖాళీ మీద."

"బ్రేక్ కొడితెనా, రేస్ ఇస్తెనా?"

"రెంటికి."

"కమాన్ల పట్టీ ఏమన్న ఎక్కిచ్చినవా?"

నా కొడుకు చేతులు కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "లేదు. కంపెనీల ఎట్లొచ్చిందో గట్లనే ఉన్నది" అన్నాను.

అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత మా ఇంటామె వైపు తిరిగి, "వదినా, జర ముగ్గుపిండి ఇయ్యి" అన్నాడు.

ఆ డబ్బా నేను ముట్టుకుంటే చెయ్యి మీద కొడుతుంది. అతనికి డబ్బా డబ్బానే తెచ్చి ఇచ్చింది. వెనక టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పిండి పూసి, బండిని రెండు చుట్లు ముందుకు దొర్లించాడు. నేల మీద నడుమన రెండువేళ్ల వెడల్పున గీత పడింది. అంచుల పిండి టైరు మీద అలాగే ఉంది.

"సూడు బిడ్డా" అన్నాడు నా కొడుకుతో. "గింత టైరుకు నేలను పట్టుకునేది గంతే. గాలి కూరి పెట్టిన్రు."

తర్వాత గల్లీలో బకెట్ నీళ్లు పోసి, ఆ తడిలోంచి నేరుగా నడపమన్నాడు. ముందు చక్రాల తడి ఒక దారి, వెనక చక్రాల తడి దానికి రెండంగుళాలు పక్కన ఇంకో దారి. "కుక్క ఒంటిని పక్కకు పెట్టి ఉరికినట్టు ఉరుకుతాంది" అన్నాడు. చుట్టుపక్కలవాళ్లు గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. నలభై ఏళ్లు ఈ గల్లీలో బండి తిప్పాను. ఒక్కనాడూ ఇంతమంది బయటికి రాలేదు.

చివరికి తొట్టిలోకి ఎక్కి తన చోట కూర్చున్నాడు. కోట దర్వాజ దాకా నడిపాను. మెలిక దగ్గర టాపు మీద ఒక దెబ్బ పడింది. ఆపాను.

"చానా బిగుసుకున్నదన్నా" అన్నాడు మెల్లగా. "గుంత పడితే చక్రం గాల్లకు లేస్తాంది. గాల్ల ఉన్న చక్రానికి రోడ్డు సంగతి ఏం తెలుస్తది?"

ఇంటికొచ్చి బండి కిందికి దూరాడు. చాలాసేపు ఉన్నాడు. బయట రెండు పాదాలు, అరిగిన చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. లోపల అతను పట్టీలు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. కొమురెల్లి మల్లన్నకు కూడా నేను అంతగా మొక్కలేదు, ఆ రెండు పాదాలకు మొక్కినంత.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే నా కొడుకు అడిగాడు. "ఏంది చిన్నబాపు? చెప్పు. బాపుదేనా తప్పు?"

"ఇరుసును కమాన్‌కు పట్టి ఉంచే బోల్టులు లూజైనయ్ బిడ్డా. ఇరుసు ఒకదిక్కు ఏలెడు ఎనుకకు జరిగింది. దీన్ని నువ్వు నడిపినా జారుతది, నేను నడిపినా జారుతది. మీ బాపు గాబట్టి గోడకు రాసుకున్నది. ఇంకోడైతే గోడల ఉంటుండె."

కొడుకు నా వైపు చూశాడు. ఆ చూపులో మళ్లీ కొంచెం మర్యాద కనబడింది. నేను గంభీరంగా తల ఊపాను. నటనలో నన్ను మించినవాడు లేడు.

కొడుకును బోల్టులకు పంపి, వాడు వచ్చేలోపు ఆ ఎక్స్‌ట్రా పట్టీ ఊడదీశాడు. దాన్ని గోనెసంచిలో చుట్టి స్కూటరు ముందు పెట్టుకున్నాడు. నాతో అన్నది ఒక్క మాట. "బండి అబద్ధమాడదన్నా."

నేను అతని చేతులు పట్టుకుని ఉండాల్సింది. "బోల్టులు మంచిగ బిగియ్యి" అన్నాను.

అన్నీ బిగించి, టైర్లలో గాలి తగ్గించాక, వానాకాలం ఖాళీ బండికి వెనక కొంచెం బరువు ఉంటే మంచిదని ఇసుక బస్తాలు రెండు చక్రాల మీదికి వేశాడు. అవి కదలకుండా పైన పెట్టడానికి పెరట్లో ఉన్న ఇసుర్రాయి అడిగాడు. అది మా అత్తది. ఒకసారి లోడు మీద కప్పే తాటిపత్రి ఎగరకుండా పెట్టుకుంటానని నేను అడిగితే, "మా అవ్వ చేతులు పడ్డ రాయి, నీ బండికా" అని నాలుగు రోజులు మాట్లాడలేదు మా ఇంటామె. అతను అడిగితే వెంటనే కడిగి ఇచ్చింది. ఆ సాయంత్రమే నా కొడుకు బండి కొనేటాయనను రావద్దని చెప్పి, కీ నాకు తిరిగి ఇచ్చాడు.

వారం తర్వాత అతను మళ్లీ వచ్చాడు. "వదినా, ఇసుర్రాయికి బదులు" అని ఒక కొత్త కత్తిపీట ముందు పెట్టాడు. ఇనుము చూడగానే గుర్తుపట్టాను. నా పట్టీనే కమ్మరికిచ్చి కొట్టించాడు. ఆమె లోపలికి పోయాక నా చెవిలో అన్నాడు. "ఏడ దాసినా బయటవడ్తదన్నా. వదిన చేతిల ఉంటే ఎవ్వలకు అనుమానం రాదు."

నాలుగేళ్లుగా ఆమె నా తప్పు మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ, "మా మరిది తెచ్చిన కత్తిపీట అసుంటిది వరంగల్‌ల దొరకది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. నేను ఎదురుగా కూర్చుని వినాలి. ఇది చదివితే ఆమెకు తెలుస్తుంది. తెలియనీ.

అతను పోయిన మంగళవారం మధ్యాహ్నానికి, వచ్చిన బండ్లకు షెడ్డు ముందు రోడ్డు చాలలేదు. నేను బండ్లు లెక్కపెట్టాను. ఇరవై ఏడు పికప్‌లు, ఆటోలు వేరే. నా చావుకు ఎన్ని వస్తాయో వేసి చూసుకున్నాను. ఎంత సాగదీసినా ఆరు దాటలేదు. నర్సంపేట డ్రైవరు ఒకతను నా భుజం మీద పడి ఏడుస్తూ, "ఇగ నా బండిని ఎవలు సూస్తరు పెద్దాయనా" అన్నాడు. నేనున్నాను కదా అని ఒక్కడూ అనుకోడు.

మా మరదలు నా దగ్గరికొచ్చి, "బావా, నీ బండ్లనే తీస్కపోదాం. నీ డ్రైవింగంటే ఆయనకు ఇష్టం" అంది. ఆ మాట అతను నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేను అనవలసినవి నేను అన్నానా, అతను అనడానికి.

పాడెకు చోటు కావాలని నా కొడుకు ఇసుక బస్తాలూ ఇసుర్రాయీ దించి షెడ్డులో పెట్టాడు. సడ్డకుణ్ణి తొట్టిలో పడుకోబెట్టారు. ఎప్పుడూ కూర్చునే చోటే. శ్మశానం దాకా బండి గీత గీసినట్టు పోయింది. ఒక్క కుదుపు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు తొట్టి ఖాళీ. పక్కన నా కొడుకు. సన్నగా తుంపర. రాయి షెడ్డులోనే మరచిపోయాం. కోట దర్వాజ మెలికలో వెనక భాగం జానెడు పక్కకు జారి మళ్లీ పట్టుకుంది. బండిని పక్కకు ఆపాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అప్పుడు కమాన్ల పట్టీ ఎక్కిచ్చింది నేనేరా. బోల్టులు లూజైంది దానికే."

వాడు అద్దం తుడిచే పుల్లల వైపు చూస్తూ, "తెలుసు బాపూ" అన్నాడు. "గా వారంలనే చిన్నబాపు షెడ్డుకు పిలిచి చెప్పిండు. మళ్ల ఎక్కియ్యకుంట సూసుకో అన్నడు. నిన్ను మాత్రం అడగొద్దన్నడు."

"ఎందుకట?"

"అడిగితే సిగ్గుపడి బండి దిగుతడు, దిగిన్నాడు ముసలోడైతడు అన్నడు."

నాలుగేళ్లు నేను మోసిన గుట్టు ఇద్దరికీ తెలుసు. కీ నా జేబులో ఉన్నది నా తెలివితో అనుకున్నాను. అదీ అతను పెట్టిందే. నన్ను నాకంటే బాగా తెలిసినవాడి మీద అసూయ పడకుండా ఎలా ఉంటారు, మీరే చెప్పండి.

"నువ్వు నడుపుతవా?" అని కీ తీయబోయాను.

"నడుపు బాపూ. జర మెల్లగ" అన్నాడు.

మర్నాడు పోయి రాయి తెచ్చుకున్నాను. ఇసుక బస్తాలు కొత్తవి వేశాను, పైన ఇసుర్రాయి. అద్దంలో చూస్తే ఎవరో నాకు వీపు పెట్టి కళ్లు మూసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ఇప్పుడు వానలు. కోట దర్వాజ దగ్గరికి రాగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. బండి ఆగుతుంది. టాపు మీద చినుకులు పడుతుంటాయి. వాటిలో రెండు దెబ్బలు వేరుగా వినబడతాయేమోనని కాసేపు చూస్తాను. వెనక ఆటోవాడు హారను కొడతాడు. అప్పుడు కదులుతాను.