బలానికి సెలైన్

కరోనా అలజడి సద్దుమణిగిన మరుసటి ఏడాది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డేకేర్ వార్డు నాది. అంటే, పొద్దున వచ్చి కీమో ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే చోటు.

మెర్సీకి పంతొమ్మిదేళ్ళు (పేర్లు మార్చాను). కొవ్వూరు దగ్గర పల్లె. వచ్చింది గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జబ్బు. గొంతు నొప్పి, మెడలో గ్రంథుల వాపు, జ్వరం. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. ఈ పిల్లకు మాత్రం హెచ్.ఎల్.హెచ్.గా ముదిరింది. వైరస్‌ను తరమాల్సిన రక్షణ కణాలే రెచ్చిపోయి సొంత ఒంటి మీద పడతాయన్నమాట. వాటిని అణచడానికి ఎటోపోసైడ్ అనే కీమో మందు ఇస్తారు. ఐసీయూలో ఆమె మగతగా ఉన్నప్పుడు సంతకం పెట్టింది వాళ్ళ నాన్న ప్రభుదాసు గారు. నాలుగు డోసులకు జ్వరం దిగింది. మిగతావి వారానికొకటి నా దగ్గర.

మొదటి రోజే ఆయన నన్ను పక్కకు పిలిచారు.

“దానికి చెప్పకండి సిస్టర్ గారూ. కీమో అంటే క్యాన్సరనుకుని బెంగెట్టేసుకుంటాదండి.”

మా వైపు ఇది కొత్త కాదు. జబ్బు పేరు ఊరందరికీ తెలుస్తుంది, మంచం మీదున్న మనిషికి తప్ప. నేనూ ఇక్కడి దాన్నే కదా, తలూపాను. “ఇదేంటండి?” అని మెర్సీ అడిగితే “బలానికి సెలైనమ్మా” అనేశాను. అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారం ఆమె రాలేదు. ఫోన్ చేశాను.

“నాన్న కోతల్లో ఉన్నారండి. పని మాన్పించి తిప్పడమెందుకని మా ఊరి ఆర్‌ఎంపీ గారి దగ్గరే పెట్టించేసుకున్నాను.”

“ఏం పెట్టించుకున్నావమ్మా?”

“అదేనండి, బలానికి సెలైను. పసుపు రంగు మందు కూడా కలిపారు.”

ఆ పిల్ల తప్పేముంది? పల్లెలో నీరసమంటే ఊరి డాక్టరు పెట్టే సెలైనే. నేను చెప్పిన మాటకు అర్థం అదే.

వెంటనే రమ్మన్నాను. వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మళ్ళీ ఐసీయూ. డాక్టరు గారిని అడిగి, ప్రభుదాసు గారి ఎదుటే ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పాను. ఇది కీమో అని, క్యాన్సర్ కాదని, మానితే ప్రాణానికే ముప్పని. నేను అబద్ధమాడానని కూడా.

మెర్సీ బెంగ పెట్టుకోలేదు. కోపగించుకుంది.

“ముందే చెప్పుంటే ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చేసేదాన్ని కదండీ!” అని, తండ్రి వైపు తిరిగింది. “ఏంటి నాన్నా నువ్వు?”

ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు.

మెర్సీ బతికింది. మిగిలిన డోసులన్నిటికీ తనే వచ్చింది. సూది గుచ్చే ముందు సీసా మీది పేరు చదివి, అప్పుడు చెయ్యి చాపేది. నా మాట మీద నమ్మకం పోయింది. మొదట్లో మనసు చివుక్కుమనేది గానీ, తను చేసేది సరైన పనే.

ఇప్పుడు ప్రతి పేషెంటుకూ నేనే సీసా చూపించి మందు పేరు చెబుతాను. వెనక నుంచి బంధువులు వద్దు వద్దని సైగలు చేస్తారు. చూడనట్టే ఉంటాను.