వాడేసిన నీళ్ల బేరం

నా చిన్నప్పుడు మా లోయకి ఇంకా రైలు రాలేదు. ఉప్పూ కిరసనాయిలూ ఎడ్ల వీపుల మీద కొండలెక్కి వచ్చేవి. సంత జరిగే ఊళ్లో మాదొక కొట్టు. బేరాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, ఎవరైనా ఊరికే బెల్లంముక్క పెట్టినా ఇంకాస్త పెట్టమని అడక్కుండా తీసుకున్న గుర్తు నాకు లేదు.

మా అమ్మ పోయిన తర్వాత వచ్చిన వేసవిలో ఊరి పక్క పారే గెడ్డ ఎండిపోయింది. ఊరివాళ్లు గెడ్డ ఇసుకలో చెలమలు తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, ఆనపబుర్రతో తోడుకునేవారు. చెలమ దగ్గర కొండ దిగి వచ్చినవాళ్లదీ మాదీ ఒకే వరస.

మా పెరట్లో అమ్మ తన కన్నవారింటి నుంచి తెచ్చి నాటిన దబ్బ మొక్క ఉండేది. ఆ ఎండలకి దాని ఆకులు ముడుచుకోసాగాయి. అమ్మ పెంచినవాటిలో మిగిలింది నేనూ, అదీ. నాన్న మాత్రం అమ్మ పోయాక ఆ మూలకి వెళ్లడమే మానేశారు. చెయ్యి కడుక్కోవాలన్నా వీధి వైపు వెళ్లేవారు.

ఒకనాడు కొట్టు ముందరి కుండలో చెంబు ముంచుకుని పెరట్లోకి వెళ్తుంటే నాన్న తల్లి, మా మామ్మ, పట్టుకుంది.

“ఏటే గుంటా, ఆ సెంబు ఎక్కడికి?”

“దబ్బ మొక్కకి.”

“కొండ దిగొచ్చినోళ్లు దాహమంటే ఏటి పోత్తావు? దబ్బాకులా?”

నేను బేరంలోకి దిగాను. సగం చెంబు అన్నాను, కాదంది. నేను తాగే వాటాలోంచి అన్నాను, అదీ కాదంది. ఏడుపు మొహం పెట్టాను. అది మా కొట్లో చెల్లే సరుకు కాదు. చివరికి మామ్మే ఒక మాట చెప్పింది.

“తాగేనీళ్లు సుక్క ఇవ్వను. ఒకసారి వాడేసిన నీళ్లన్నీ నీవే. పట్టుకోగలిగితే పట్టుకో.”

గెలిచాననుకుని ఎగిరి ఒప్పుకున్నాను. వాడేసిన నీళ్లు ఎవరికోసమూ ఆగవని మర్నాటికి గానీ తెలియలేదు. వాటిని నేల నాకంటే ముందే తాగేసేది. బియ్యం కడిగిన నీళ్లు మా ఆవుకని మామ్మ బేరంలోంచి తీసేసింది కూడా. నా మొహం చూసి, ఆవిడే కాళ్లు కడుక్కునే రాయిని దొర్లించుకుంటూ వెళ్లి మొక్క మొదట్లో వేసింది. తడి ఆరకుండా ఎండుటాకులు కప్పించింది. ఆనాటి నుంచి నా స్నానం అక్కడే, మామ్మ మొహం కడగడం అక్కడే, బూడిదతో తోమిన గిన్నెల కడుగూ అక్కడికే. సంతకి వచ్చిన కొండ ముసలాయన్ని కూడా పెరట్లోకి లాక్కొచ్చాను. “నీ కొట్లో నీళ్లు తాగితే సాల్దా, సేతులు కూడా కడగాలా?” అని నవ్వాడు. అమ్మ మొక్క అని చెప్పాక నవ్వడం మానేసి, తన ఆనపబుర్రలో అడుగున ఉన్న నీళ్లు కూడా పోసి వెళ్లాడు.

నాన్నని ఎన్నిసార్లు పిలిచినా విననట్టే పోయేవారు. “ఆడిని బేరంలో కలపకే. ఆడంతట ఆడు రావాల” అంది మామ్మ. ఆవిడ గొంతు అలా మెత్తబడటం నేను అంతకుముందు ఎరగను.

వేసవి చివర అమ్మ సంవత్సరీకం వచ్చింది. అప్పటికి మొక్క కింది కొమ్మలు ఎండిపోయాయి, పైన ఒక్క చిగురు నిలిచింది. భోజనమయ్యాక నాన్న ఎంగిలి చేత్తో లేచి వీధి గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగారు. పెరట్లోకి వచ్చి ఆ రాయి మీద కూర్చున్నారు. నేను చెంబుతో సన్నగా ధార పోశాను. చేతులు శుభ్రపడ్డాక కూడా ఆయన వాటిని అలాగే చాపి ఉంచారు. చెంబు ఖాళీ అయ్యాక, ఆ తడిని మెల్లగా ఆకులకి రాశారు.

“బతుకుతాదంటావా?” అని నన్నే అడిగారు.

నేను చెంబు కింద పెట్టాను. పక్కన కూర్చుని నా తడి చేతులూ ఆకులకి రాశాను.

మొక్క బతికింది, కాసింది. దాని కాయలు కొట్లో పెడదామని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. మా వంశంలో అదొక వింత.

ఇప్పుడు మా ఇంట్లో కొళాయి ఉంది. అయినా చెయ్యి కడగాలంటే నా కాళ్లు పెరట్లోకే నడుస్తాయి. కడిగాక తుడుచుకోవడానికి తువ్వాలు వెతకను. దగ్గర్లో ఏ మొక్క ఉంటే దాని ఆకులకి రాస్తాను.